ఇంకొక్క ఏడాది: అరవై దాటిన మన గల్ఫ్ పెద్దల లెక్క

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపన్యాసకులము కాము. ఉర్దూ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే పంతులము. "విద్య గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టర్ సాబ్" అని కార్యదర్శిగారు అన్నారు. విద్య గురించి ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాము. ఈ ఏడు ఒక లెక్క గురించి చెబుతామని వారి అనుమతి తీసుకున్నాము. ఇది మన ఇండ్లలో కూర్చొని వేసుకోవలసిన లెక్క. ఎవరమూ వేయకుండా దాటవేస్తున్న లెక్క.

కడప, రాజంపేట, రాయచోటి పక్కల కువైట్ అంటే తెలియని పసిబిడ్డ లేడు. కువైట్ డబ్బుతో మన వీధుల్లో మిద్దెలు లేచినాయి, ఆడబిడ్డల నికాహ్‌లు జరిగినాయి, మసీదులకు సున్నం పడింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో అడుగుపెట్టినప్పుడు, కట్టుబట్టలతో అమ్మాన్ దాకా పోయి, అక్కడినుండి విమానాల్లో ఇల్లు చేరినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. ఆ రెండు నెలల్లో సుమారు 1,70,000 మంది భారతీయులను ప్రభుత్వం వెనక్కు తెచ్చింది. వచ్చినవారిలో చాలామంది మళ్ళీ పోయినారు. ఆనాడు పాతికేళ్ళ పడుచువానికి 2025 నాటికి అరవై నిండినాయి. మేము మాట్లాడదలచింది ఆ వయసువారిని గురించి. వారు రావలసిన కాలం వచ్చింది. కాని రావడం లేదు. "ఇంకొక్క ఏడాది" అంటున్నారు.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనవాళ్ళు కువైట్‌లో ముప్పై ఏండ్లు ఉన్నా ఆ దేశానికి పనివారే గాని కాపురస్తులు కారు. అకామా అనేది పనికి కట్టిన ముడి. పని పోతే ముడి ఊడుతుంది. ఉద్యోగం విరమించి అక్కడే విశ్రాంతిగా ఉందామంటే సామాన్య కార్మికునికి దారి లేదు. దుబాయిలో రిటైర్‌మెంట్ వీసా అని ఉంది. 55 ఏండ్లు నిండినవారికి 5 సంవత్సరాలకు ఇస్తారు, మళ్ళీ పొడిగిస్తారు. అయితే 10 లక్షల దిర్హముల ఆస్తి ఉండాలి, లేక అంత నిల్వ ఉండాలి, లేక నెలనెలా పెద్ద ఆదాయం చూపాలి. సౌదీలో 2019లో పెట్టిన శాశ్వత ప్రీమియం నివాసానికి రుసుము 8 లక్షల రియాళ్ళు. ఇవి షావుకార్ల దారులు. కుట్టుపనివాడు, డ్రైవరు, హోటలు వంటవాడు ఆ వాకిలి తట్టలేడు. అతనికి ఉన్నదల్లా ఏడాదికొకసారి అకామా పొడిగించుకోవడమే.

అక్కడ కూడా వయసు అడ్డొచ్చింది. అరవై నిండి, హైస్కూలు చదువుకు మించిన సర్టిఫికెట్ లేని విదేశీయులకు పని అనుమతి పొడిగించరాదని కువైట్‌లో 2020లో నిర్ణయం చేసినారు. 2021 జనవరి నుండి అమలు పెట్టినారు. పెద్ద గందరగోళమైంది. 2022 ఆరంభంలో దాన్ని మార్చి, 250 దీనార్ల అదనపు రుసుము, దానిపైన ప్రైవేటు ఆరోగ్య బీమా కడితే ఏడాదికి పొడిగిస్తామన్నారు. ఆ తరువాత కూడా నిబంధన ఒక్కచోట నిలవలేదు. కాబట్టి నిరుడు విన్న మాట పట్టుకొని ఈ ఏడు నిర్ణయం చేయకండి.

ఇక్కడ మా బడి సంగతి కొంచెం వస్తుంది. డిగ్రీ ఉన్నవానికి ఆ నిబంధన తగలలేదు. ఏడో తరగతిలో పలక పారేసి పోయినవానికి తగిలింది. పదిహేనో ఏట మానిన చదువు అరవయ్యో ఏట వచ్చి అడ్డం నిలుచుంటుందని మేము కూడా అనుకోలేదు.

మా వీధిలో ఒక చాచా ఉన్నారు. పేరు చెప్పము. మా బడిలోనే ఏడు దాకా చదివినారు. 1994లో కువైట్ పోయి ఒక కంపెనీ దర్జీఖానాలో కుదిరినారు. 2020లో అరవై నిండినాయి. ఆయన అకామా 2022 ఫిబ్రవరి వరకు ఉంది. గడువు దగ్గరపడేసరికి కంపెనీవారు, "ఉంటే ఉండు, ఖర్చు మాత్రం నీదే" అన్నారు. చాచా తానే కట్టుకున్నారు. మరుసటి ఏడు కూడా కట్టినారు. ఇంటికి ఫోను చేసి "అకామా అయిపోయింది, ఫికర్ చేయకండి" అన్నారే గాని, ఎంత అయిందో చెప్పలేదు. ఇంట్లోవారూ అడగలేదు.

ఆయన 2024 మొదట్లో వచ్చేసినారు. ఒకనాడు ఇషా నమాజు తరువాత మసీదు అరుగు మీద కూర్చొని, "బేటా, నువ్వు లెక్కల మాస్టరువు కదా, నా లెక్క ఒకటి చూడు" అని ఒక చిన్న నోటుబుక్కు తీసినారు. అందులో ఉన్నది ఇది.

జీతం నెలకు 150 దీనార్లు. ఏడాదికి 1,800. అందులో గడువు పొడిగింపు రుసుము 250, బీమా సుమారు 500, వెరసి 750. గదిబాడుగ, తిండి, మందులు నెలకు 50 చొప్పున 600. మిగిలింది 450 దీనార్లు. దీనారుకు 250 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 1,12,500 రూపాయలు. నెలకు 9,375.

అరవై రెండేండ్ల మనిషి, చక్కెర జబ్బుతో, రోజుకు పది గంటలు మిషను తొక్కి, భార్యకు మూడువేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉండి సంపాదించింది నెలకు పదివేలు కూడా లేదు. మన రాష్ట్రంలో 2024 జూలై నుండి అర్హులైన వృద్ధులకు పింఛను నెలకు 4,000 రూపాయలు. ఆ మొత్తం తీసివేస్తే ఆయన అక్కడ ఉండి గడించింది 5,375. సొంత వాకిట్లో మిషను పెట్టుకొని పాఠశాల యూనిఫారాలు కుట్టినా ఆ డబ్బు వచ్చేది.

"చాచా, మరి ఎందుకున్నారు?" అని అడిగినాము.

"సర్వీసు డబ్బు పెరుగుతుంది కదా బేటా, అందుకని" అన్నారు.

ఇది రెండవ లెక్క. ఇది చాలామందికి తెలియదు. కువైట్ 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం నెలజీతం పనివానికి మొదటి 5 ఏండ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తరువాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు వస్తుంది. కాని మొత్తం కలిపి ఏడాదిన్నర జీతానికి మించరాదు. అంటే సర్వీసు ఇరవై ఏండ్లు దాటిన కొద్దికాలానికే ఆ కుండ నిండిపోతుంది. తరువాత ఎన్నేండ్లు పోసినా, జీతం పెరిగితే తప్ప, చుక్క కూడా పెరగదు. చాచాకు 150 చొప్పున 18 నెలలకు 2,700 దీనార్లు రావలసి ఉండె. ఆయన 2015కే అంత సంపాదించుకున్నారు. తక్కిన ఏండ్లన్నీ అది పెరుగుతున్నదన్న భ్రమలో గడిపినారు. పైగా రెండేండ్ల పొడిగింపుకు 1,500 దీనార్లు కట్టినారు. ఇంటిపనికి పోయిన మన అక్కచెల్లెండ్ర లెక్క వేరు. వారికి 2015 నాటి 68వ చట్టం కింద ఏడాదికి ఒక నెల జీతం రావాలి. అది అడగాలన్న సంగతే చాలామందికి తెలియదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి సభాముఖంగా చెప్పుకోవాలి. 2022లో మా బడిలో ఒక గది కప్పు కారుతూ ఉండె. గల్ఫ్‌లో ఉన్న పాత విద్యార్థులకు మేమే ఫోన్లు చేసినాము. చాచాకూ చేసినాము. వారం తిరక్కముందే 50 దీనార్లు పంపినారు. మేము సంతోషించి పిల్లలచేత దుఆ చేయించినాము. ఆ నోటుబుక్కులో ఆ 50 కూడా రాసి ఉంది. "మద్రసా కప్పు" అని రాసినారు. అది ఆయన ఒక నెల తిండి, బాడుగ, మందులు. అరుగు మీద ఆ పుట చూసినప్పుడు మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మనిషి కువైట్‌లో ఉన్నాడంటే చాలు, చెట్టుకు కాస్తున్నట్టు మనం చెయ్యి చాస్తున్నాము. మిద్దె మీద మిద్దె కావాలని ఇంట్లోవారు, పెండ్లికి కారు కావాలని వియ్యంకులు, కప్పు కావాలని మాబోటివారు. "ఇంకొక్క ఏడాది" అనే మాట ఆయన నోటినుండి వచ్చింది గాని, దాన్ని పలికించింది మనమందరమూ.

ఉండడమే తప్పని మేము అనము. ఆరోగ్యం ఉండి, చేతిలో విద్య ఉండి, పొడిగింపు ఖర్చు యజమాని భరించి, మంచి జీతం వస్తూ ఉంటే అరవై ఐదు దాకా ఉన్నా బాధ లేదు. కాని పొడిగించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఖర్చు ఎవరు కడుతున్నారు? అంతా పోను ఏమి మిగులుతుంది? అక్కడ జబ్బు చేస్తే చూసేవారెవరు?

అకామా పోయినా దాగి ఉందామనే ఆలోచన మాత్రం ఎవరూ చేయవద్దు. 2024 మార్చి 17 నుండి జూన్ నెలాఖరు దాకా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు గడువు మీరినవారు జరిమానా లేకుండా రాగలిగినారు. అటువంటి అవకాశం ప్రతి ఏడూ రాదు. 2025 జనవరి 5 నుండి కొత్త చట్టం కింద అకామా గడువు దాటితే మొదటి నెల రోజుకు 2 దీనార్లు, తరువాత రోజుకు 4 దీనార్లు, 1,200 దాకా జరిమానా. నాలుగు దీనార్లంటే చాచా ఒక దినం కూలికి కొంచెమే తక్కువ.

పింఛను మాట అడుగుతారు. గల్ఫ్ దేశాలు మన కార్మికులకు పింఛను ఇవ్వవు. మన కేంద్రప్రభుత్వం 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన పేరుతో ఒక పథకం పెట్టింది. చేరినవారు తక్కువ. 2017లో మూసివేసినారు. కనుక మన వృద్ధాప్యానికి మనమే ఏర్పాటు చేసుకోవాలి.

మా సూచనలు నాలుగు. మొదటిది, 55వ ఏట సెలవు మీద వచ్చినప్పుడే ఇంట్లో అందరూ కూర్చొని, ఏ ఏట రావాలో తారీఖు పెట్టుకోవాలి. అప్పులు, బాకీ పెండ్లిండ్లు కాగితం మీద రాయాలి. రెండవది, పంపే డబ్బులో కొంత ఆయన సొంత పేరున నిలవాలి. ఇల్లు కొడుకుల పేరున, నగలు కోడండ్ల దగ్గర ఉండి, పెద్దాయన చేతిలో టీకి డబ్బు లేని ఇండ్లు మేము చూసినాము. మూడవది, వచ్చేముందే రేషను కార్డులో పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా సరిచేసుకోవాలి. 70 నిండినవారికి 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. దానికి ఆధార్ కావాలి. నాలుగవది, మన సొసైటీ నెలకొక ఆదివారం ఒక బల్ల వేసి, ఈ లెక్కలు వేసిపెట్టాలి. కాగితం, కలం, ఒక లెక్కల మాస్టరు చాలు. ఆ మాస్టరుగా మేము కూర్చుంటాము.

ఇండ్లలోని అక్కలకు, తమ్ముళ్ళకు ఒక మనవి. ఈసారి ఫోను వచ్చినప్పుడు "ఎంత పంపుతున్నావు?" అని కాక, "పొడిగింపుకు ఎంత అయింది అబ్బా?" అని అడగండి. జవాబు విన్న తరువాత, "మాకు చాలు, వచ్చేయండి" అని చెప్పవలసివస్తే చెప్పండి. ఆ మాట ఆయన తనంతట తాను అనలేడు. ఇంటినుండి పోవాలి.

ఈ లెక్క చాచా అనుమతితోనే చెప్పినాము. ఆయన ఈ సభలోనే ఉన్నారు. ఇప్పుడు వాకిట్లో మిషను పెట్టుకొని మా బడి పిల్లల యూనిఫారాలు కుడుతున్నారు. కుట్టుకూలి మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖుకే ఇస్తున్నాము. ఆలస్యం చేయడం లేదు.