పాత మెట్టుకు క్రొత్త పని
(రేడియో ప్రసంగ పాఠము. ధ్యానభాగము: రోమా 6:13)



జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే మనకు సినిమావారు గుర్తుకు వస్తారు. అక్కడి రికార్డింగు థియేటర్లలో ఒక్క కీబోర్డు ముందు కూర్చున్న వ్యక్తి వయొలిన్లు, వేణువు, చర్చి ఆర్గను కూడ పలికించగలడు. దీనికి తోడ్పడేది 1983లో వచ్చిన 'మిడి' అనే పద్ధతి. వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే భాష అది.

ఇదే పద్ధతితో పాత ఆర్గనులకు మరల పని కల్పించేవారున్నారు. కాలితో త్రొక్కే హార్మోనియము మనమెరుగుదుము. ఆ త్రొక్కుడు గాలి కొరకే. పెద్ద ఆర్గనుకైతే కాళ్లతో నొక్కే పొడవాటి కొయ్య మెట్లుంటాయి. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క మంద్రస్వరము. సాధారణముగా 30 లేక 32 ఉంటాయి. గొట్టాలు చెడి ఆర్గను మూలపడినా, ఆ మెట్లు గట్టిగా ఉండవచ్చును. అప్పుడు ప్రతి మెట్టుకు ఒక చిన్న అయస్కాంతము బిగిస్తారు. గాజు గొట్టములో మూసియున్న రీడ్ స్విచ్‌ను దాని చెంత అమరుస్తారు. మెట్టు దిగగానే అయస్కాంతము దగ్గరై స్విచ్ కలుస్తుంది. ఒక చిన్న సర్క్యూట్ ఆ సంగతిని వార్తగా పంపుతుంది.

ఆ వార్తలో శబ్దమే ఉండదు! "ఫలానా స్వరము మ్రోగు" అనే ఆజ్ఞ ఉంటుంది. కాలు తీయగానే "ఆగు" అనే ఆజ్ఞ వెళుతుంది. అది అందకపోతే స్వరము మ్రోగుతూనే ఉండి పాటను చెడగొడుతుంది. శబ్దము పుట్టేది అవతలి యంత్రములో.

మరియొక సంగతి. ఇటువంటి మామూలు స్విచ్ కాలి బలమును కొలవదు. యౌవనుడు గట్టిగా త్రొక్కినా, వృద్ధుడు మెల్లగా మోపినా, స్విచ్ కలిస్తే చాలు, అదే స్వరము అంతే నిండుగా వస్తుంది.

ప్రియులారా, "నా గొంతు పోయింది, మోకాళ్లు పట్టు తప్పాయి, ఇక సంఘానికి నేనెందుకు?" అని మంచము మీద నుండి ఈ మాటలు వింటున్న పెద్దలున్నారు. ఒకనాడు క్వయరును నడిపించినవారు, సండేస్కూలులో మన పిల్లలకు నేర్పినవారు మీరే. మన అవయవములను నీతి సాధనములుగా దేవునికి అప్పగించుడని పౌలు రోమీయులకు వ్రాశాడు. ఎంత బలముగల అవయవములని ఆయన అడుగలేదు. మీరు మెల్లగా చేసే ప్రార్థనకు శక్తినిచ్చేది దేవుడే. ఆయన మ్రోగుమంటే మ్రోగుదము, ఆగుమంటే ఆగుదము.

సంఘస్థులారా, ఈ వారము ఆరాధనకు రాలేని ఒక పెద్దవారి ఇంటికి వెళ్లండి. పండ్లు ఇచ్చి, జాలిపడి తిరిగి రావద్దు. సంఘములోని ఒక అక్కరను పేరుపెట్టి చెప్పి, దానికొరకు ప్రార్థించే పని వారికి అప్పగించండి. మరుసటి వారము వెళ్లి ఏమి జరిగినదో వారికి తెలియజేయండి.

ప్రార్థించుకొందము. పరలోకపు తండ్రీ, మూలనున్న మమ్మును మరల నీ పనికి అమర్చుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.