ఎఱ్ఱ సత్రము



మట్టిగోడ యన్న మనకు చులకన. కొంచెము కలిమి కలిగినంతనే దానిని పడగొట్టి వేఱొక గోడ లేపుదుము. 500 ఏండ్లకు పైబడి నిలిచియున్న మట్టిగోడలను గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవించెదను.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున పిస్కో యను నది కలదు. ఆ నది లోయలో, సముద్రతీరమునుండి కొండసీమకు పోవు పాతబాటపై తాంబో కొలరాడో యను కట్టడము కలదు. తాంబో యనగా అచ్చటి కెచువా భాషలో బాటసారుల విడిది. కొలరాడో యనగా స్పెయిన్ వారి భాషలో ఎఱ్ఱనిది. 15వ శతాబ్దిలో ఇంకా ప్రభువులు ఆ తీరమును వశపఱచుకొని దీనిని కట్టించిరి. 1532లో స్పెయిన్ వారు ఇంకా ప్రభువును బంధించిరి. పిదప ఆ రాజ్యము అంతరించెను, గోడలు మిగిలెను.

కొండలలో రాతిని రాతితో సందు లేకుండ అతికిన జాతివారే యిచ్చట చేతికందిన మట్టితో పచ్చి ఇటుకలు చేసి గోడలు పెట్టిరి. నడుమ విశాలమైన మైదానము, దానినానుకొని గదులు. ద్వారములును గోడగూళ్లును అడుగున వెడల్పుగాను, పైకి పోనుపోను సన్నముగాను ఉండును. ఎఱుపు, పసుపు, తెలుపు పూతలు నేటికిని అచ్చటచ్చట కానవచ్చును.

ఇంతకాల మెట్లు నిలిచినవి? ఆ తీరము ఎడారి. వాన బహు స్వల్పము. మట్టికి శత్రువు నీరు. కప్పులు ఎన్నడో పోయినను గోడలు కరగలేదు.

మా తాతగారు కట్టించిన మట్టియింటికి ఒక యేడు తాటాకు మార్పించుటలో నేను అశ్రద్ధ చేసితిని. ఆ వానకాలముననే పెరటివైపు గోడ కూలెను. తప్పు మట్టిది కాదు, నాది.

అయినను మట్టిని గ్రుడ్డిగా నమ్ముడని చెప్పను. 2007 ఆగస్టు 15న ఆ ప్రాంతమున ఘోరమైన భూకంపము వచ్చి 500 మందికి పైగా మరణించిరి. పిస్కో పట్టణమున పచ్చి ఇటుకల ఇండ్లెన్నో నేలమట్టమయ్యెను. తాంబో కొలరాడోకును దెబ్బ తగిలినది; కాని నిలిచినది.

కావున పెద్దలారా, మీ యూరిలో పాత మట్టిగోడను కూల్చుటకు ముందు, చూరునీరు ఎచ్చట పడుచున్నదో, గోడ మొదలు తడియుచున్నదో లేదో చూడుడు. పని తెలిసినవానిని పిలిచి యడుగుడు. బాగుచేయదగినదైన బాగుచేయుడు, ప్రాణములకు ముప్పైన విడువుడు. చూడకయే తీర్పు చెప్పకుడని మాత్రము నా మనవి.

సెలవు.