కథలో కాలము, స్థలము
(రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రంథాలయ దీపమును ఆరనీయక కాపాడిన మీకు నా అభినందనములు. మన ప్రాంతీయ కథలయందలి కాలమును, స్థలమును గూర్చి రెండు మాటలు మనవి చేసెదను.

కథ ఎచట, ఎప్పుడు జరిగినదనునది వెనుక వ్రేలాడు తెర వంటిదని కొందరి యభిప్రాయము. మంచి కథలో ఆ రెండే అర్థమును మోయును.

పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి నందినది. అందలి రావుగారు నియమములతో జీవితమును కట్టుకొన్న పెద్దమనిషి. రైలుపెట్టెలో బిచ్చగత్తెను చీదరించుకొనెను. తుపాను రాత్రి, చీకటి స్టేషనులో, ఆమె తోడే ఆయనకు దిక్కయ్యెను. రైలుపెట్టె అంతస్తులున్న లోకము. గాలికి కంపించు ఆ స్టేషను అంతస్తులెరుగని లోకము. జీవితమంతయు కూడబెట్టిన నియమములను ఒక్క రాత్రి తూచి చూపినది.

కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ 1964 నాటిది. సుందరపాలెమను ఊర పాత అప్పుపై తగవు తీర్చుటకు పదిమంది కూడిరి. ఇందు కాలము రెండు విధముల నడచును. అప్పిచ్చినవాని లెక్కలో అది వడ్డీ. అప్పుపడినవాని యింట అది తరములు. ఊరు అభివృద్ధి చెందిన ఏండ్లలోనే అప్పల్రాముని బ్రతుకు దిగజారినది. పదిమంది కూర్చున్న తావు న్యాయస్థానమే. కాని పత్రము పలికినంత బిగ్గరగా అచట చెమట పలుకదు. కడపట సీతారాముడు తన పసివానినే చంపుకొనును. తగవరులు గతమును లెక్కించిరి. అతడు రాబోవు దాస్యమును లెక్కించెను. ఆ ఘోరమును సమర్థింపలేము. దానికి కారణమైన లెక్కను తప్పించుకొనను లేము.

మన యూరను రచ్చబండ యున్నది, అప్పుపత్రములును ఉన్నవి. ఈ కథను చదివినవాడు రేపు తగవు తీర్చ కూర్చున్నచో, తానెవరి కాలమును లెక్కించుచున్నాడో ఒకమారు తలచుకొనును. కథవలన ఊరికి కలుగు మేలిదియే.

రామారావుగారు 1997లో శ్రీకాకుళమున ‘కథానిలయము’ను నెలకొల్పి తెలుగు కథలను ఒకచోట చేర్చిరి. మన గ్రంథాలయమునను మన ప్రాంతపు కథలకొక బీరువా వేరుగా నుండవలెనని నా ప్రార్థన. మన నేలను, మన కాలమును మన పిల్లలు అందు చదువుకొందురు గాక!