వేగు కారు ఎన్ని గడులు కదలాలి?



ఆమడగూరులో ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా చెప్పిన పాఠం చరిత్ర. ఇక్కడ ఆ చరిత్రను బల్ల మీద ఆడి తెలుసుకునే పద్ధతి గురించి మాట్లాడతాను. 1824లో ప్రష్యా సైన్యం రైస్‌విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడను అధికారుల శిక్షణకు తీసుకుంది. 1961లో అవలాన్ హిల్ సంస్థ గెటిస్‌బర్గ్ ఆటకు ఆరు భుజాల గడులు తెచ్చింది. ఇలాంటి ఆటల్లో ప్రతి కాయకూ ఒక అంకె ఉంటుంది. ఒక వంతులో అది ఎన్ని గడులు కదలగలదో ఆ అంకె చెబుతుంది. వేగు చూసే ఆర్మర్డ్ కార్లకు ఆ అంకెను ఉదారంగా వేసేస్తున్నారని నా అభ్యంతరం.

మన తెలుగునేల మీది ఉదాహరణే తీసుకుందాం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యానికి చెందిన మేజర్ జనరల్ రుద్ర దళాలు బెజవాడ వైపు నుంచి హైదరాబాదు సంస్థానంలో అడుగుపెట్టాయి. వాటికి గట్టిగా ఎదురు నిలిచింది సంస్థానపు 2వ, 4వ లాన్సర్ల దళాలు. వాళ్ల దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ ఆర్మర్డ్ కార్లున్నాయి. స్టాగ్‌హౌండ్ బరువు దాదాపు 14 టన్నులు. మంచి రోడ్డు మీద గంటకు 88 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదు. ఆ లెక్క చూసి పెద్ద అంకె వేస్తే కాయ బల్లంతా చుట్టేస్తుంది. జరిగింది వేరు. ఆ కార్లు ఎదురు నిలిచినా, ఆ రోజు ఉదయం 8.30కల్లా భారత దళాలు కోదాడ చేరాయి, మధ్యాహ్నానికి మునగాల.

సెప్టెంబరంటే వానాకాలం. రోడ్డు దిగితే నానిన నేల, వరిమళ్లు. అంత బరువు నాలుగు చక్రాల మీద పడితే బురదలో ఏమవుతుందో, వానపడ్డ వంకలో ట్రాక్టరు దించినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మన పులిజూదంలో పులి ఎంత బలమైనదైనా గీత వదిలి కదలదు కదా, ఈ కార్లకు బెజవాడ రోడ్డే ఆ గీత. అందుకే కాయ మీద రెండు అంకెలుండాలి: రోడ్డుకు పెద్దది, పొలానికి బాగా చిన్నది.

వెనక్కి మళ్లడానికీ లెక్క ఉండాలి. వేగు చూడటమంటే కనుక్కోవడం మాత్రమే కాదు, కబురుతో ప్రాణాలతో తిరిగి రావడం. ఇంగ్లండువారి డైమ్లర్ కారుకు ఇందుకోసమే వెనకవైపు రెండో స్టీరింగు పెట్టారు, అయిదు గేర్లూ వెనక్కి పనిచేసేవి. ఇరుకు రోడ్డు మీద బండి తిప్పుకోకుండానే వేగంగా వెనక్కి పోవచ్చు. ఆటలో ఇలాంటి కారు మలుపు తిరగడానికి గడులు ఖర్చు కాకుండా వెనక్కి కదలాలి. ఆ ఏర్పాటు లేని బండికి ఖర్చు తప్పదు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది, అదే పోరులోని మూసీ నది వంతెన సంగతి. వెనక్కి తగ్గుతున్న సంస్థాన దళాలు దాన్ని కూల్చాయి, కానీ అక్కడ తుపాకులతో కాపలా ఉంచలేదు. భారత దళాలు త్వరగా బాగుచేసుకుని దాటిపోయాయి. మామూలు నిబంధన ప్రకారం కూలిన వంతెన ఎప్పుడైనా ఒకే అడ్డంకి. నేనైతే అలా రాయను. ఆవలి గట్టున శత్రువు కాయ ఉంటే దాటడం అసాధ్యం కావాలి. లేకపోతే ఒక వంతు ఆలస్యం చాలు. బండి చలనం ఇంజనుతోనే తేలదు, ఎదుటివాడు ఆ చోట ఉన్నాడా లేడా అన్నదానితో తేలుతుంది.

సెప్టెంబరు 17న కాల్పులు ఆగాయి. ఆ రోజుల్లోనూ తర్వాతా ఊళ్లలో జనం పడ్డ హింస ఏ కాయ మీదా రాయలేం. ఆట తయారుచేసేవారు ఆ సంగతిని నిబంధనల పుస్తకం మొదటి పుటలోనే చెప్పాలని నా విన్నపం.