మీ ప్రాజెక్ట్ ఎవరికైనా పనికొచ్చిందా?

మీ బీటెక్ ప్రాజెక్ట్ ఎవరికైనా పనికొచ్చిందా? నాదైతే లేదు. డబ్బులిచ్చి కొన్నా, వైవా అయ్యాక అటకెక్కించా. అందుకే ఈ కథ విన్నప్పుడు సిగ్గేసింది.

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊరుంది. నల్లజాతి వాళ్లు, పేదలు ఎక్కువ. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ నీళ్లు ఆపి, ఫ్లింట్ నది నీళ్లు ఇచ్చారు. పైపులు తినేయకుండా కలపాల్సిన కెమికల్ మాత్రం కలపలేదు. దాంతో పాత పైపుల్లోని సీసం కుళాయి నీళ్లలోకి దిగింది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. జనం ఎంత మొత్తుకున్నా, నీళ్లు బాగానే ఉన్నాయన్నారు అధికారులు.

లీయాన్ వాల్టర్స్ అనే ఓ తల్లి ఊరుకోలేదు. వర్జీనియా టెక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్‌ను కదిలించింది. 2015లో ఆయన, స్టూడెంట్లు కలిసి 300 టెస్ట్ కిట్లు పంపారు. శాంపిల్స్ పట్టింది ఎవరనుకున్నారు? ఆ ఊరి వాళ్లే! పద్ధతి నేర్చుకుని, ఇల్లిల్లూ తిరిగి, 250కి పైగా కిట్లు వెనక్కి పంపారు. సీసం సంగతి ల్యాబ్‌లో బయటపడింది. స్థానిక డాక్టర్ మోనా హన్నా అతీషా పిల్లల రక్త పరీక్షల లెక్కలు కూడా అదే చెప్పాయి. అక్టోబర్‌లో డెట్రాయిట్ నీళ్లు మళ్లీ వచ్చాయి. కానీ పిల్లలకు జరిగిన నష్టం వెనక్కి రాదు కదా!

జనం దగ్గర అనుమానం ఉంది, యూనివర్సిటీ దగ్గర ల్యాబ్ ఉంది. రెండూ కలవాలంటే ఎవరో ఒకరు కిట్లకీ, ప్రయాణాలకీ డబ్బు పెట్టాలి. మన కాలేజీలూ ఆ మాత్రం పెట్టొచ్చు.

మీ టాపిక్ ఇంకా ఫిక్స్ కాలేదా? హాస్టల్ పక్క బస్తీకి వెళ్లి, ఏం ఇబ్బందో అడగండి. ఏం చెప్పారో కామెంట్లో రాయండి. ఉంటా మరి!