ఓడెక్కే ముందు: మొదటిసారి క్రూజుకి వెళ్ళేవారితో కొన్ని మాటలు



కిందటి నెల ఈ కార్యక్రమం నడిపే మిత్రుడు ఫోను చేసి, "సెలవులొస్తున్నాయి, మనవాళ్ళు చాలామంది అమ్మానాన్నల్ని తీసుకుని క్రూజులకి వెళ్తున్నారు, నువ్వు వెళ్ళొచ్చావు కదా, ఓ పావుగంట మాట్లాడకూడదూ" అన్నాడు. నేను కంప్యూటర్ కన్సల్టెంటుని. ఓడల గురించి నాకున్న అనుభవం రెండంటే రెండు ప్రయాణాలు. అందులో మొదటిదాంట్లో అమ్మనీ నాన్నగారినీ పెట్టుకుని మెక్సికోలో ఓడ తప్పిపోయేంత పని చేశాను. తప్పు పూర్తిగా నాదే. ఆ అర్హతతోనే ఇక్కడ కూర్చున్నాను.

మేము హ్యూస్టన్‌లో ఉంటాం. గాల్వెస్టన్ రేవు మాకు కారులో గంట దూరం. 2023 జూన్‌లో అమ్మా, నాన్నగారూ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు అయిదు రోజుల క్రూజు బుక్ చేశాను. గాల్వెస్టన్‌లో ఎక్కడం, కోజుమెల్, ప్రోగ్రెసో అనే రెండు మెక్సికో ఊళ్ళు చూడటం, మళ్ళీ గాల్వెస్టన్‌లోనే దిగడం. నాన్నగారు వివరాలన్నీ విని, "పాపికొండల లాంచీకి పెద్దన్నయ్య అన్నమాట" అన్నారు. రేవులో ఆ పదిహేను అంతస్తుల ఓడని చూశాక మాత్రం కాసేపు మాట్లాడలేదు.

ముందు కాగితాల సంగతి. ఎందుకంటే మనవాళ్ళు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. "అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగుతున్నాం, ఇంక వీసా ఏమిటి" అనుకుంటాం. కానీ ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశాల్లో కట్టినవి, విదేశీ జెండాతో తిరిగేవి. అలాంటి ఓడ ఒక అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని అమెరికా రేవుల మధ్యే తిరిగి వచ్చేయడానికి లేదు, మధ్యలో ఏదో ఒక విదేశీ రేవు తాకాలి. 1886 నాటి చట్టం అది. కాబట్టి ఓడ ఎక్కామంటే దేశం దాటినట్టే, తిరిగి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు నిలబడవలసిందే. అమెరికా పౌరులైతే ఇలాంటి ప్రయాణాలకి చాలావరకు జనన ధ్రువపత్రం, ఫొటో గుర్తింపు కార్డుతో గడిచిపోతుంది. ఆ మాట పక్కింటి అమెరికన్ చెప్పాడని మనం నమ్మేస్తే కష్టం.

మా స్నేహితుడొకడు హెచ్-1బి మీద ఉన్నాడు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది, పొడిగించిన ఐ-797 కాగితం మాత్రం ఉంది. ముప్ఫై రోజుల లోపు మెక్సికో, కెనడాలకి వెళ్ళి వస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే సదుపాయం ఒకటి ఉందని ఎక్కడో చదివాడు. ఉంది, నిజమే. కానీ హెచ్-1బి వాళ్ళకి అది సరిహద్దు పంచుకునే ఆ రెండు దేశాలకే. అతను బుక్ చేసింది ఏడు రోజుల ఓడ, అది హోండురాస్‌లోని రొయటాన్ దీవికి కూడా వెళ్తుంది. రేవులో కౌంటరు దగ్గరే ఆపేశారు. భార్యా పిల్లలతో పెట్టెలు తోసుకుంటూ మళ్ళీ కారు దగ్గరికి నడిచి వచ్చాడు. డబ్బు తిరిగి రాలేదు. డబ్బు సంగతి అటుంచండి, ఎక్కనిచ్చి ఉంటే తిరిగి వచ్చేటప్పుడు అంతకంటే పెద్ద చిక్కు. మెక్సికో ఒక్కటే ఉన్న ఓడైనా సరే, స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు లాయరునీ, ఓడ కంపెనీనీ ఇద్దర్నీ ముందే అడగండి. అమెరికా మనల్ని తిరిగి రానివ్వడం ఒక ప్రశ్న, మెక్సికో రానివ్వడం ఇంకో ప్రశ్న.

అలాస్కా వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. సియాటిల్ నుంచి బయల్దేరే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్ళకి, గ్రీన్ కార్డు లేకపోతే, కెనడా వీసా కావాలి. "మేము ఓడ దిగం, గదిలోనే పడుకుంటాం" అంటే కుదరదు. అమ్మానాన్నల అమెరికా వీసా దానికి పనికిరాదు. కెనడా వీసాకి వారాలు పడుతుంది కాబట్టి టికెట్టు కంటే ముందు దాని సంగతి చూసుకోండి. అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అన్నది కూడా చూడండి.

ఇక సామాను. రేవులో కారు దిగగానే పోర్టర్లు పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు. అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మాకు ఏడయింది. నాన్నగారి షుగరు మాత్రలు పెద్ద పెట్టెలో ఉన్నాయి. నేనే సర్దాను, విమానాల అలవాటుతో "చెక్ ఇన్ చేస్తే హాయి" అనుకుంటూ. మధ్యాహ్నం ఎదురుగా అన్ని రకాల భోజనం పెట్టుకుని ఆయన మజ్జిగ లాంటిదేదో ఉందేమో చూడమన్నారు. ఒక్క మాట అనలేదు. అమ్మ అంది, ఆయన వాటా కూడా కలిపి. మందులు, పాస్‌పోర్టులు, పిల్లల బట్టలు ఒక జత చేతి సంచిలోనే ఉండాలి.

రైస్ కుక్కర్ మాత్రం పెట్టకండి. నవ్వకండి, మేము పెట్టాం. మంటల భయంతో కుక్కర్లు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్ళు కాచుకునే కెటిల్స్ ఓడల్లో ఎక్కనివ్వరు. స్కానింగులో పట్టుకుని, చీటీ రాసి, చివరి రోజు తిరిగి ఇచ్చారు. ఇంట్లో వండినవి కూడా సాధారణంగా ఒప్పుకోరు, సీలు వేసిన పొట్లాలైతే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. అసలు అంత బెంగ అక్కర్లేదు. మొదటి రాత్రి భోజనాల గదిలో హెడ్ వెయిటర్ని పిలిచి, మాకు మాంసం, గుడ్డు లేకుండా ఇండియన్ భోజనం కావాలి అని చెప్పండి. మా ఓడలో ఆయన గోవా మనిషి. మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం మా బల్ల మీదికి వచ్చాయి. పప్పులో ఇంగువ లేదన్నది అమ్మ ఫిర్యాదు, దానికి ఓడ కంపెనీ బాధ్యత వహించదు. బఫే దగ్గర మాత్రం ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో పాకే నోరోవైరస్‌కి శానిటైజరు ఒక్కటే చాలదు.

ఎక్కిన రోజు సాయంత్రం భద్రతా డ్రిల్ ఉంటుంది. దీన్ని మస్టర్ డ్రిల్ అంటారు. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో చూసి, మన గుంపు చేరవలసిన చోటికి వెళ్ళి కార్డు చూపించి వచ్చేయడమే. జనం చేతిలో గ్లాసులతో వచ్చి, కార్డు చూపించి వెళ్ళిపోతున్నారు. నేనూ అంతే చేసేవాణ్ణి. నాన్నగారు కదల్లేదు. మా గది నుంచి ఏ మెట్ల మీదుగా రావాలి, లిఫ్టు పనిచేయకపోతే ఎన్ని అంతస్తులు, లైఫ్ జాకెట్లు గదిలో ఉన్నాయా ఇక్కడ ఇస్తారా అని ఆ అమ్మాయిని నాచేత అడిగించారు. నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. తిరిగి వస్తూ, "కచ్చులూరు దగ్గర పోయినవాళ్ళు కూడా షికారుకి బయల్దేరినవాళ్ళేరా" అన్నారు. 2019 సెప్టెంబరులో గోదావరిలో లాంచీ మునిగి పదుల మంది పోయినప్పుడు మా ఊళ్ళో వారాల తరబడి అదే మాట. అది తెలిసి కూడా ఆ సాయంత్రం నాకది తట్టలేదు.

పెద్ద ఓడలకీ ఇది కొత్త కాదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాళ్ళకి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికి డ్రిల్ జరగనేలేదు. అప్పట్లో ఎక్కిన 24 గంటల్లోగా జరిపితే సరిపోయేది. 2015 నుంచి ఓడ కదిలే ముందు గానీ, కదిలిన వెంటనే గానీ జరపాలని అంతర్జాతీయ నియమం మార్చారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ప్రమాద సంకేతం. పిల్లలకి కూడా నేర్పండి.

ఇక ప్రోగ్రెసో. మొదట ఆగిన కోజుమెల్‌లో ఏ ఇబ్బందీ లేదు. ఫోనులో టైము, ఓడలో టైము ఒకటే. మర్నాడు ప్రోగ్రెసోలో దిగాం. అక్కడి జెట్టీ సుమారు ఆరున్నర కిలోమీటర్ల పొడుగు, ప్రపంచంలోనే పెద్దదని చెప్తారు. సముద్రం లోతు తక్కువ కాబట్టి ఓడ అంత దూరంలో ఆగుతుంది. ఊళ్ళోకి బస్సులో తీసుకెళ్తారు. నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి, అయిదుకి బయల్దేరుతుంది.

బీచి ఒడ్డున కూర్చున్నాం. పిల్లలు ఇసుకలో ఆడుతున్నారు. నాన్నగారు తన పాత హెచ్ఎంటీ గడియారం చూసుకుని, "నాలుగూ పది అయింది, లేద్దామా" అన్నారు. నేను ఫోను చూశాను. మూడూ పది. "మీ గడియారం గంట ముందుకి పోయింది నాన్నగారూ, బోలెడు టైముంది" అన్నాను. ఆయన సరేనన్నారు. కంప్యూటర్ల కొడుకు చెప్తే సరే అనక ఏమంటారు. రెండు నిమిషాల తరవాత అమ్మ, "అదేమిట్రా, ఓడలో మొహాలు ఒక్కటీ కనపడటం లేదు" అంది.

అప్పుడు వెలిగింది. మా ఓడ గాల్వెస్టన్ వేసవి సమయమే ఉంచుకుంది. కోజుమెల్ ఉన్న రాష్ట్రంలో ఏడాది పొడుగునా దానికి సరిపోయే టైమే. ప్రోగ్రెసో ఉన్న యుకటాన్ రాష్ట్రం గంట వెనక. పైగా మెక్సికోలో చాలాభాగం 2022లో వేసవి సమయం మార్చడం మానేసింది. ఊళ్ళో సిగ్నలు దొరకగానే నా ఫోను బుద్ధిగా అక్కడి టైముకి మారిపోయింది. నాన్నగారి గడియారం మొదటి రోజు ఓడలో దిద్దుకున్నది, దానికి సిగ్నళ్ళు తెలియవు. సర్వర్లలో టైము జోన్లు సరిచేసి జీతం తీసుకునేవాణ్ణి నేను.

నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. పరిగెత్తలేరు. మా ఆవిడ పిల్లల్ని లాక్కుంటూ బస్సు ఆపడానికి ముందుకెళ్ళింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. పాస్‌పోర్టులన్నీ గదిలో లాకర్లో ఉన్నాయి. ఓడ వెళ్ళిపోతే మెరిడా దాకా వెళ్ళి విమానం ఎక్కాలి, చేతిలో పాస్‌పోర్టు లేకుండా ఎలా ఎక్కుతాం. సాయంత్రం మాత్రలు ఉన్నాయా అని అడిగాను. అమ్మ సంచి తట్టి చూపించింది, మొదటి రోజు తరవాత ఆవిడ నన్ను నమ్మడం మానేసింది. ఆ బస్సులో మేము తప్ప ఇద్దరే ఉన్నారు. ఆ ఆరున్నర కిలోమీటర్లూ నాన్నగారు గడియారం వైపు చూడలేదు, కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నారు. ఓడ దగ్గరికి చేరేసరికి నాలుగూ నలభై ఒకటి. మెట్లు ఇంకా తీయలేదు. ఒకాయన మా పేర్లున్న కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కాబట్టి, చేతికి మామూలు గడియారం పెట్టుకుని ఓడ టైముకి దిద్దుకోండి. ఓడవాళ్ళే నడిపే టూర్లలో ఆలస్యమైతే సాధారణంగా ఆగుతారు, సొంతంగా వెళ్తే ఆగరు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు డబ్బు కాస్త ఎక్కువైనా వాళ్ళ టూరే నయమని నా అభిప్రాయం. పాస్‌పోర్టులు లాకర్లోనే ఉంచి నకళ్ళు పట్టుకెళ్ళమని చాలామంది చెప్తారు. దొంగల భయం ఉన్న మాట నిజమే. రెండో ప్రయాణంలో నేను మాత్రం తడవని సంచిలో పెట్టి మెళ్ళో వేసుకునే తిరిగాను.

మిగతావి గబగబా చెప్తాను. అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు ఓడలో, విదేశీ రేవుల్లో చెల్లుతుందో లేదో కంపెనీని అడగండి. ఓడ డాక్టరు ఫీజు నేరుగా గది ఖాతాలో పడుతుంది. గర్భిణులైతే, ప్రయాణం ముగిసేలోగా 24 వారాలు నిండేవాళ్ళని పెద్ద కంపెనీలు ఎక్కించుకోవు. కడుపులో తిప్పుతుందని భయమున్నవాళ్ళు ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది తీసుకోండి. సముద్రంలో ఉన్నంతసేపూ ఫోను ఎయిర్‌ప్లేన్ మోడులో ఉంచండి, ఓడలోని సెల్ నెట్‌వర్కు బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. టిప్పులు తలకి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు వాళ్ళంతట వాళ్ళే వేస్తారు, పిల్లలకి కూడా. బడ్జెట్టులో ముందే కలుపుకోండి. శీతకాలంలో గాల్వెస్టన్ రేవు పొగమంచుకి మూసేస్తూ ఉంటారు, వేరే ఊరి నుంచి వచ్చేవాళ్ళు దిగిన రోజు ఉదయం విమానం పెట్టుకోకండి.

ఇంకో అపోహ. క్రూజుకి వెళ్ళొస్తే అమ్మానాన్నలకి మళ్ళీ ఆరు నెలలు ఇస్తారని మనలో ఒక ప్రచారం ఉంది. ముప్ఫై రోజుల లోపు మెక్సికో, కెనడా, దగ్గర దీవులకి వెళ్ళి వస్తే సాధారణంగా పాత ఐ-94 తేదీయే కొనసాగుతుంది. దాన్ని నమ్ముకుని తిరుగు టికెట్టు మార్చకండి.

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, తెల్లారేలోగా తీసుకెళ్ళిపోతారు. మర్నాడు వేసుకునే బట్టలు బయటికి తీసుకున్నాకే పెట్టెకి తాళం వేయండి. మా పక్క గది పెద్దమనిషి ఇమిగ్రేషన్ లైనులో గళ్ళ పైజమాతో నిలబడ్డాడు. ఆయన వెనకే మా అమ్మ, తిరిగి వచ్చిన రైస్ కుక్కర్ చంకలో పెట్టుకుని.

అద్దం అవతల నుంచి టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఇక్కడ గడియారం సరిగ్గానే ఉన్నట్టుంది.