షాకా సమాధి, సాక్షులు

జులూ రాజ్యాన్ని నిర్మించిన షాకా సమాధిస్థలం దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రంలో, క్వాదుకుజా పట్టణంలో ఉంది. ఆయన చివరి రాజధాని దుకుజా అక్కడే ఉండేది. 1828 సెప్టెంబరులో సవతి తమ్ముళ్లు డింగానే, మ్లంగానా, సేవకుడు మ్బోఫాతో కలిసి ఆయనను పొడిచి చంపారు. శవాన్ని ధాన్యపు పాతరలో పూడ్చారని ప్రసిద్ధి. 1873లో అదే నేలమీద స్టాంగర్ పట్టణం వెలిసింది. రాజు సొలొమన్ కాలంలో, 1932లో, జులూలు అక్కడ స్మారకశిల నిలిపారు. 2006లో పట్టణానికి పాత పేరు తిరిగి దక్కింది. ఇంతవరకు పెద్ద పేచీ లేదు.

 షాకా విషయంలో అసలు పేచీ ఆధారాల పట్టిక దగ్గరే మొదలవుతుంది.

షాకాను నెత్తురు తాగే నియంతగా చిత్రించిన రాతలకు ప్రధానాధారం ఇద్దరు ఆంగ్ల వర్తకులు. నథానియల్ ఐజాక్స్ యాత్రాగ్రంథం 1836లో వెలువడింది. జులూ రాజులను వీలైనంత క్రూరులుగా చూపమని అతడు 1832లో హెన్రీ ఫ్రాన్సిస్ ఫిన్‌కు ఉత్తరం రాశాడు. ఫిన్ మొదటి నోటుపుస్తకం సోదరుడి శవంతోపాటు సమాధిలో పోయిందని, తర్వాత జ్ఞాపకం మీద మళ్లీ రాశాడని చెబుతారు. 1950లో అచ్చయిన ‘డైరీ’ని రోజువారీ దినచర్యగా చదవడం అందువల్ల చెల్లదు.

జులూల నోటిమాట జేమ్స్ స్టూవర్ట్ నమోదుల్లో ఉంది. సుమారు 1897 నుంచి 1922 వరకు ఆయన వృద్ధులను ప్రశ్నించి రాసుకున్నాడు. కోలిన్ వెబ్, జాన్ రైట్ సంపాదకత్వంలో అవి 1976 నుంచి సంపుటాలుగా వచ్చాయి. స్టూవర్ట్ వలసపాలన అధికారి కనుక ఆ నమోదులు కలుషితమని 1988లో జూలియన్ కాబింగ్ వాదించాడు. ఆక్షేపణ బలమైనదే, కానీ దానితో నమోదులన్నిటినీ తోసిపుచ్చలేము. చెప్పినవారి పేరు, వంశం అందులో ఉన్నాయి. ఉదాహరణకు, సాక్ష్యం చెప్పిన జాంట్షి తండ్రి నొంగిలా షాకాకు వేగుగా పనిచేశాడు. జాంట్షి కథనం ఎవరి ద్వారా దిగివచ్చిందో పాఠకుడు తూచుకోగలడు. పరస్పరం పొసగని కథనాలూ సంపుటాల్లో పక్కపక్కనే నిలిచాయి. షాకాను పొగిడినవారూ, తిట్టినవారూ జులూల్లోనే ఉన్నారని, వలసవాదులు గీసిన బొమ్మలోకీ ఆ మాటలు చేరాయని 1998లో కరొలిన్ హామిల్టన్ చూపింది. స్టూవర్ట్ చేతి జాడను గుర్తించి చదవడం చరిత్రకారుడి పని. సాక్షులను బయటికి నెట్టడం కాదు.

1860 నుంచి నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారు స్థిరపడిన నేల చరిత్ర తెలుగులో వర్తకుల కళ్లతోనే చదవవలసి రావడం అన్యాయం. షాకా మరణం, ఖననం గురించిన జులూ సాక్ష్యాలను చెప్పినవారి పేర్లతో, భేదాలతో సహా తెలుగులోకి తెచ్చే సంకలనం ఇప్పుడు సిద్ధమవుతోంది. అందులో జులూ కథనాలు ప్రధానపాఠంగా, ఫిన్, ఐజాక్స్ రాతలు అనుబంధంగా ఉంటాయి.